ఆరని గోడను మూయకండి: విపత్తులో దెబ్బతిన్న ఇళ్ళను బాగుచేయడానికి వెళ్ళేవారికి

వరద తీసిన వెంటనే బయలుదేరాలా, కొంతకాలం ఆగాలా, తాపీ పని గాని వడ్రంగం గాని తెలియని మనిషి రెండు వారాల సెలవుతో దెబ్బతిన్న ఇళ్ళ దగ్గర చేయగలిగింది ఏమైనా ఉంటుందా, లేక ఇప్పటికే కష్టంలో ఉన్నవారికి మరో భారం అవుతాడా అని మీరు అడిగారు. వరదలు, తుఫానులు, భూకంపాల పాలైన ఇళ్ళను బాగుచేసే బృందాలతో నేను పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. అందులో మొదటి మూడేళ్ళు బురద ఎత్తడం, తడిసిన సామాను మోయడం తప్ప నాకు మరో పని రాదు, అయినా ఆ మూడేళ్ళలో ఒక్క రోజు కూడా ఖాళీగా కూర్చోలేదు. కనుక పని రాదన్న బెంగ మీరు పెట్టుకోనక్కరలేదు. ఇంటివారికి మన వల్ల నష్టం జరిగేది ఎక్కువగా మన తొందర వల్లనే, అందుచేత నా సమాధానం చాలావరకు దాని చుట్టూనే తిరుగుతుంది.

నీట మునిగిన ఇంటిని బాగుచేయడంలో మూడు దశలు ఉంటాయి: తెరవడం, ఆరబెట్టడం, మూయడం. తెరవడం అంటే బురద తీయడం, నీరు పీల్చుకున్న పలకలను, పరుపులను, చాపలను, గోడల లోపలి పొరలను తొలగించి ఇంటి ఎముకల గూడు వరకు గాలి తగిలేలా చేయడం. ఇది తొందరగా జరగవలసిన పని, ఎందుకంటే తడిసిన చెక్క, కాగితం, గుడ్డ మీద 24 నుంచి 48 గంటల్లోనే బూజు మొదలవుతుంది. మూయడం అంటే కొత్త పలకలు బిగించడం, పూత పూయడం, రంగు వేయడం, నేల పరచడం. దీనికి తొందర పనికిరాదు. ఈ రెండింటి మధ్య ఉన్న ఆరబెట్టే దశ వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, పైగా ఆ కాలంలో చూడడానికి ఇంట్లో ఏ పనీ జరుగుతున్నట్టు కనిపించదు. స్వచ్ఛంద సేవకులు మొదటి రెండు వారాల్లో గుంపులుగా వస్తారు, మూసే పనికి మనుషులు కావలసిన మూడో నెలకు ఎవరూ మిగలరు. వచ్చినవారు వెళ్ళేలోపు పని పూర్తయినట్టు కనిపించాలని తపించడంతో, ఆరని గోడలకే కొత్త పలకలు కొట్టేస్తారు.

ఆ తప్పు నేనూ చేశాను. పనిలోకి వచ్చిన నాలుగో ఏట ఒక వృద్ధ దంపతుల ఇంటిని మా బృందం ఐదు రోజుల్లో తెరిచి, ఐదు రోజులు పంకాలతో ఆరబెట్టి, పన్నెండో రోజున గోడలు మూసి రంగు కూడా వేసింది. పద్నాలుగో రోజున మా తిరుగు ప్రయాణం. చేత్తో తడిమితే గోడ పొడిగానే అనిపించింది, ఆ పెద్దాయన మా చేతులు పట్టుకుని వదల్లేదు. ఆరు వారాల తర్వాత వారింట్లో గోడల కింది భాగం నల్లబడి వాసన కొడుతోందని కబురు వచ్చింది. లోపలి చెక్క చట్రం అప్పటికీ తడిగానే ఉంది. మేము బిగించినదంతా మరో బృందం ఊడదీసింది. ఆ పలకలను దంపతులు తమకు వచ్చిన పరిహారం సొమ్ముతో కొన్నారు, ఆ సొమ్ము రెండోసారి రాలేదు. అప్పటి నుంచి తేమ మీటరు లేకుండా ఏ గోడను మూయడానికీ నేను ఒప్పుకోవడం లేదు.

తేమ మీటరు అంటే రెండు సూదులతో చెక్కలో గుచ్చితే అందులో నీరు ఎంత శాతం ఉందో చూపే చిన్న పరికరం. చెక్క చట్రం ఉన్న ఇళ్ళలో ఆ అంకె 15 శాతానికి గాని, అంతకంటే కిందికి గాని దిగాకే గోడ మూయాలి. ఒక్కచోట కొలిచి ఊరుకోకూడదు. నేలను తాకే అడుగు దూలంలోను, మూలల్లోను, గాలి తగలని ఉత్తరపు గోడలోను విడివిడిగా కొలిచి, అన్నిటికంటే తడిగా ఉన్నచోటి అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. ఇటుక గోడల సంగతి ఇంకా నెమ్మది. అంగుళం మందానికి సుమారు ఒక నెల పడుతుందన్నది కట్టుబడి పనివారి పాత లెక్క. తొమ్మిది అంగుళాల గోడ లోతు వరకు పూర్తిగా ఆరడానికి నెలల తరబడి ఎదురుచూడవలసి వస్తుందంటే ఇంటివారికి నమ్మబుద్ధి కాదు, కాని గోడ మీద తెల్లని ఉప్పు పొరలు పొరలుగా బయటికి వస్తూ ఉన్నంతకాలం లోపలి నీరు ఇంకా కదులుతూనే ఉందని అర్థం. అలాంటి గోడకు ఊపిరాడనివ్వని ప్లాస్టిక్ రంగులు వేస్తే నీరు లోపలే నిలిచి, రంగు బుడగలు కట్టి ఊడిపోతుంది. మట్టితో గాని సున్నంతో గాని కట్టిన పాత గోడలను బలపరుద్దామనే సదుద్దేశంతో సిమెంటు పూత వేయడం ఇంకా పెద్ద హాని చేస్తుంది. బయటికి పోవలసిన తేమను ఆ పూత లోపలే బంధించడంతో వెనుకనున్న మట్టి మెత్తబడి గోడ బలం కోల్పోతుంది. గోడను దేనితో కట్టారో అదే జాతి పదార్థంతో బాగుచేయాలి.

ఆరబెట్టడంలోనూ కొంత విచక్షణ కావాలి. బయటి గాలి లోపలి గాలికంటే పొడిగా ఉన్నప్పుడే తలుపులు, కిటికీలు తెరిచి ఉంచడం వల్ల ప్రయోజనం. వాన కురిసే రోజున అన్నీ తెరిచిపెడితే బయటి తేమే ఇంట్లోకి వస్తుంది, అప్పుడు మూసి ఉంచి తేమను లాగే యంత్రం నడపడం మేలు. బూజు పట్టిన వస్తువులు ఇంకా లోపలే ఉండగా పంకాలు పెడితే ఆ బూజు ధూళి ఇల్లంతా పరుచుకుంటుంది కనుక, ముందు వాటిని తీసివేసి ఆ తర్వాతే పంకాలు ఆడించాలి.

ఇక మీరు మొదటి రోజు నుంచే చేయగలిగిన తెరిచే పని గురించి చెబుతాను. ఇంటి యజమాని దగ్గర లేకుండా, లేదా వారి మాట లేకుండా, ఒక్క వస్తువును కూడా బయటికి తీయకూడదు. తీయబోయే ముందు ప్రతి గదిని, గోడ మీద నీరు నిలిచిన చారను, ఆ చార నేల నుంచి ఎంత ఎత్తున ఉందో తెలిసేలా కొలత పట్టీ పెట్టి ఫొటోలు తీయాలి. బీమా అయినా, ప్రభుత్వ పరిహారమైనా ఆ చార మీదే ఆధారపడవచ్చు, మనం ఉత్సాహంగా కడిగేస్తే ఆ సాక్ష్యం పోతుంది. భూమికి దిగువన గది ఉండి అది నీటితో నిండి ఉంటే, దాన్ని ఒక్కరోజులో తోడివేయకండి. బయటి నేల ఇంకా నీటితో నిండి ఉండగా లోపలి నీరు ఒక్కసారిగా పోతే, బయటి ఒత్తిడికి గోడలు లోపలికి విరిగిపడవచ్చు. రోజుకు మూడోవంతు చొప్పున తోడుతూ, రాత్రికి నీరు మళ్ళీ పెరుగుతుందేమో గమనించాలి.

బురదను గట్టిపడకముందే పారలతో ఎత్తి, మిగిలినదాన్ని పైనుంచి కిందికి తక్కువ ఒత్తిడి ఉన్న నీటితో కడగాలి. జిప్సం పలకల గోడలు ఉంటే, నీటి చారకు కనీసం 30 సెంటీమీటర్లు పైకి కోయాలి, ఎందుకంటే పలక ఒత్తులాగా నీటిని పైకి పీల్చుకుంటుంది. కోసే ముందు ఆ గోడలో కరెంటు తీగలు, నీటి గొట్టాలు ఎక్కడున్నాయో తెలుసుకోవాలి, కత్తిని పలక మందానికి మించి లోపలికి దించకూడదు. నీటిలో నిలబడి మెయిన్ స్విచ్ ముట్టుకోవద్దు. అక్కడికి చేరాలంటే నీటిలో నడవక తప్పనప్పుడు, ఆ పని విద్యుత్ సంస్థ వారికి వదిలేయాలి. కప్పు మీద సౌర పలకలు ఉన్న ఇంట్లో మెయిన్ ఆపినా ఎండ ఉన్నంతసేపు ఆ పలకలు కరెంటు పుట్టిస్తూనే ఉంటాయన్నది చాలామందికి తట్టదు. మునిగిన స్విచ్చులు, సాకెట్లు, బ్రేకర్లు ఆరాక పనిచేసినట్టు కనిపించినా మార్చవలసిందే.

బూజు విషయంలో ఒక హద్దు పెట్టుకోండి. సుమారు 10 చదరపు అడుగుల లోపు ఉంటే సబ్బు నీటితో, కుంచెతో మనం శుభ్రం చేయవచ్చు. అంతకు మించితే ఆ పని తెలిసినవారి పర్యవేక్షణలోనే చేయాలి. ఉబ్బసం గాని, రోగనిరోధక శక్తిని తగ్గించే జబ్బు గాని ఉన్నవారు ఆ గదిలోకి వెళ్ళనే కూడదు. బ్లీచింగ్ ద్రావణాన్ని అమ్మోనియా ఉన్న మరే శుభ్రపరిచే మందుతోనూ కలపకండి, ఆ కలయికలో పుట్టే వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. బ్లీచింగ్ చల్లగానే బూజు రంగు పోతుంది గాని, చెక్క లోపల తడి ఉంటే బూజు మళ్ళీ వస్తుంది. తుడిచి, ఆరబెట్టడమే అసలు వైద్యం.

సామాను వేరు చేయడం చిన్న పనిలా అనిపిస్తుంది గాని నా అనుభవంలో ఇంటివారికి అన్నిటికంటే బరువైన ఘడియ అదే. మనకు చెత్తగా కనిపించే బురద ముద్దలో పెళ్ళి ఫొటో ఉండవచ్చు, చనిపోయిన బిడ్డ నోటుపుస్తకం ఉండవచ్చు. అందుకే 'పారేయాలి', 'ఉంచాలి' అనే రెండు కుప్పలతో పాటు 'తర్వాత చూద్దాం' అనే మూడో కుప్ప ఒకటి తప్పకుండా పెట్టండి. ఒకదానికొకటి అతుక్కున్న తడి ఫొటోలను లాగకుండా, శుభ్రమైన చల్లని నీటిలో నానబెట్టి మెల్లగా విడదీసి నీడన ఆరబెడితే చాలావరకు దక్కుతాయి. జపాన్‌లో 2011 మార్చి 11న వచ్చిన సునామీ తర్వాత శిథిలాల్లో దొరికిన కుటుంబ ఫొటోలను కడిగి, ఆరబెట్టి, సొంతదారులకు చేర్చడాన్నే కొందరు స్వచ్ఛంద సేవకులు తమ పనిగా పెట్టుకున్నారు. పార ఎత్తలేని వయసువారు కూడా చేయగల సేవ అది.

భూకంపం తర్వాతి పని దీనికి పూర్తిగా భిన్నం, అక్కడ లోపలికి అడుగు పెట్టడమే మొదటి ప్రశ్న. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది, మే 12న 7.3 తీవ్రతతో మరొకటి వచ్చింది. మొదటిదానికి బీటలువారి నిలిచిన కట్టడాల్లో కొన్ని రెండోదానికి కూలిపోయాయి. అందువల్ల ఇంజనీరు చూసి అనుమతి రాసి అంటించని ఇంట్లోకి, యజమాని పిలిచినా వెళ్ళకూడదు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కాగితాలతో ఇళ్ళకు గుర్తులు పెట్టే పద్ధతి కాలిఫోర్నియాలో 1989లో రూపొందింది, దానిని గాని దాన్ని పోలిన పద్ధతులను గాని ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. పసుపు అంటే పరిమితంగా మాత్రమే వెళ్ళవచ్చని, ఆ పరిమితి ఏమిటో కాగితం మీదే రాసి ఉంటుందని గుర్తుంచుకుని, దానిని పూర్తిగా చదివాకే గడప దాటండి. ఆరని గోడను మూయకూడదన్న మాట ఇక్కడ మరో రూపంలో వర్తిస్తుంది: ఇంజనీరు చూడని పగులును పూయకూడదు. రెండు కిటికీల మధ్య గోడ మీద ఇంటూ గుర్తులాగా అడ్డదిడ్డంగా వచ్చిన పగుళ్ళు, గోడలు కలిసే మూలల్లో నిలువుగా విచ్చుకున్న పగుళ్ళు, ఆ ఇల్లు తన బరువును ఎలా మోస్తోందో చెప్పే సాక్ష్యాలు. వాటిని సిమెంటుతో నింపి రంగు వేస్తే ఇల్లు చూడడానికి బాగుంటుంది, కాని ప్రమాదం కంటికి కనిపించకుండా పోయి అందులో పిల్లలు నిద్రపోతారు.

గాలికి కప్పు లేచిపోయిన ఇళ్ళ మీద టార్పాలిన్ కప్పడం అత్యవసరమైన పని, నేలమీది వరద పనికంటే ప్రాణాపాయం ఎక్కువ ఉన్న పని కూడా. పైనుంచి జారిపడడం ఇలాంటి చోట్ల తరచుగా ప్రాణాలు తీస్తుంది. అనుభవం లేని మీరు కప్పు ఎక్కవద్దు. నిచ్చెన పట్టుకోండి, పట్టీలు కోసి అందించండి, పైవారి మీద కన్ను వేసి ఉంచండి. గోడ నుంచి నిచ్చెన ఎత్తులో నాలుగోవంతు దూరంలో దాని పాదం ఉండాలి, దాని పై కొన కప్పు అంచును దాటి మూడు అడుగులు పైకి ఉండాలి. టార్పాలిన్‌ను కప్పు శిఖరం దాటించి అవతలి వాలు మీదికి నాలుగు అడుగులు దింపి, అంచులను చెక్క పట్టీలకు చుట్టి బిగిస్తేనే నీరు కిందికి దూరదు. శాశ్వతంగా కప్పు వేసే నాటికి ఒక సంగతి ఇంటివారితో మాట్లాడాలి: తుఫాను గాలి కప్పును ముఖ్యంగా చూరుల దగ్గర, మూలల దగ్గర పైకి లాగుతుంది. వాసాన్ని గోడకు, గోడను పునాదికి లోహపు పట్టీలతో కట్టివేయడానికి ఇల్లు విప్పి ఉన్న ఈ సమయమే తగినది, ఖర్చు కూడా తక్కువ. ఊడిన కప్పును ఊడిన తీరులోనే తిరిగి బిగిస్తే అది మళ్ళీ అలాగే ఊడుతుంది.

మీ శరీరం గురించి క్లుప్తంగా చెబుతాను. ధనుర్వాతం టీకా తీసుకుని పదేళ్ళు దాటితే వెళ్ళే ముందే వేయించుకోండి. మేకు దిగని అడుగుభాగం ఉన్న బూట్లు, మందపాటి చేతి తొడుగులు, కళ్ళద్దాలు, ఎన్ 95 మాస్కు మీతోనే ఉండాలి. ఎలుకల మూత్రం కలిసిన వరద నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకుతుంది కనుక, కాళ్ళ మీద గాయాలుంటే నీరు తగలకుండా కట్టుకట్టండి, తిరిగి వచ్చాక కొన్ని వారాల్లో జ్వరం వస్తే ఎక్కడ పనిచేశారో వైద్యుడికి తప్పక చెప్పండి. జనరేటర్‌ను ఇంట్లో గాని వరండాలో గాని పెట్టవద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, తలుపులకు, కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో ఉంచాలి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్, పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కాబట్టి వాటిని పొడిగా కోయడం, గీకడం, విరగ్గొట్టడం చేయకూడదు.

ఇప్పుడు ఎప్పుడు వెళ్ళాలన్న మీ మొదటి ప్రశ్న. 1995 జనవరి 17న జపాన్‌లోని కోబె భూకంపం తర్వాత పది లక్షలకు పైగా స్వచ్ఛంద సేవకులు తరలివచ్చారు, జపనీయులు ఆ ఏడును స్వచ్ఛంద సేవకు తొలి ఏడుగా చెప్పుకుంటారు. ముందస్తు ఏర్పాటు లేకుండా వచ్చిన ఆ జనాన్ని ఏ ఇంటికి పంపాలో తేల్చడమే అప్పట్లో పెద్ద పని అయింది. ఆ అనుభవంతో తర్వాతి విపత్తుల్లో ఇంటివారి అవసరాలను, వచ్చినవారి చేతులను జతచేసే కేంద్రాలు అక్కడ స్థిరపడ్డాయి. అలాంటి కేంద్రం ఎక్కడ ఉన్నా అందులో పేరు నమోదు చేసుకుని, పిలిచినప్పుడే వెళ్ళండి. 2005 ఆగస్టు 29న కత్రీనా తుఫాను తాకిన తర్వాత అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో సుమారు 80 శాతం నీట మునిగింది, అక్కడి ఇళ్ళను తెరవడానికి, తిరిగి కట్టడానికి స్వచ్ఛంద సేవకులు ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నారు. కాబట్టి ఆలస్యమైతే చేయడానికి పని మిగలదేమో అన్న భయం మీకు అక్కరలేదు. నా సలహా అడిగితే, మీ సెలవును రెండుగా విడదీయండి: కేంద్రం పిలిస్తే మొదటి నెలలో ఐదారు రోజులు తెరిచే పనికి, మిగిలిన రోజులు మూడో నెలలోనో నాలుగో నెలలోనో అదే ఊరికి, వీలైతే అదే ఇంటికి, మూసే పనికి. సెలవును విడదీయడం కుదరకపోతే రెండోదానికే వెళ్ళండి, అప్పుడు మీ అవసరం ఎక్కువ. బయలుదేరే ముందు మిమ్మల్ని తీసుకెళ్ళే సంస్థను నాలుగు సంగతులు అడగండి: ఇంటిని ముందుగా పరీక్షించేది ఎవరు, గాయపడితే మీ వైద్యం సంగతి ఎవరు చూస్తారు, మీ బస, భోజనం స్థానికుల మీద పడకుండా ఏర్పాటు ఉందా, మీరు వెళ్ళాక ఆ ఇంటికి ఎవరు వస్తారు. చివరి ప్రశ్నకు జవాబు లేని సంస్థతో నేను వెళ్ళను.

ఇంటివారికి భారం అవుతానేమోనన్న మీ సందేహం మంచి మనసు నుంచి వచ్చింది, దానిని వదులుకోకండి. ఏ గది ముందు, ఏ రంగు, ఏ తలుపు ఎటు తెరుచుకోవాలి అన్నవన్నీ వారి నిర్ణయాలు. మనకు తెలిసింది చెప్పి, ఎందుకో వివరించి, ఆగాలి. వారు పనిలో చేయి కలుపుతామంటే వద్దనకండి, కూర్చుండిపోతే లేపకండి. ఒక్కోసారి పార పక్కన పెట్టి అరగంట వారు చెప్పేది వినడమే ఆ పూటకు చేయవలసిన పని అవుతుంది. మీ చేతిలో లేనిదాన్ని, ముఖ్యంగా ఫలానా పండుగలోపు ఇంట్లోకి వచ్చేస్తారన్న మాటను, ఓదార్పుగా కూడా అనకండి. మూడు నెలలు పడుతుందని మొదటి రోజే చెబితే వారు అందుకు తగ్గట్టు తలదాచుకునే చోటు వెతుక్కుంటారు.

వెళ్ళే రోజున ఒక గంట మిగుల్చుకుని, మామూలు నోటుపుస్తకంలో ఆ ఇంటి వివరాలు రాసి పెట్టండి: ఏ గోడలు ఏ తేదీన తెరిచారు, తేమ మీటరు ఎక్కడ ఎంత చూపింది, ఏ స్విచ్చులు ఆపి ఉంచారు, ఏ మందుతో దేన్ని కడిగారు, ఏది ఇంకా చేయలేదు, ఏ పగులును ఇంజనీరుకు చూపాలి. కొలిచిన చోట్ల గోడ మీద పెన్సిలుతో చిన్న గుర్తు, పక్కన తేదీ వేయండి. మీటరు ఎలా వాడాలో ఇంటివారిలో ఒకరికి నేర్పి, వారి చేత రెండుమూడు చోట్ల కొలిపించి, ఆ అంకెలను వారి చేతివ్రాతతోనే పుస్తకంలో రాయించండి. ఆ పుస్తకాన్ని, వీలైతే మీటరును కూడా, వారి దగ్గరే ఉంచి రండి. తర్వాత వచ్చే బృందం వాటిని అడుగుతుంది.